ఇంట్లో గోమార్లు, ఫ్లీలు: విశాఖలో కుక్కలు, పిల్లులు పెంచేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఎంవీపీ కాలనీ. రోడ్డు మీద దొరికిన కుక్కపిల్లల్ని, పిల్లికూనల్ని తెచ్చి, ఎవరైనా పెంచుకుంటామని వచ్చేదాకా ఇంట్లో ఉంచుకుంటుంటాను. నేను వెటర్నరీ డాక్టర్‌ని కాను. కానీ ఇన్నేళ్లలో గోమార్లతో (కుక్క ఒంటికి పట్టి రక్తం తాగే టిక్‌లతో) పడ్డ పాట్లు, డాక్టర్ల దగ్గర విన్న చీవాట్లు, మా కుక్కకు వచ్చిన జ్వరం కలిసి ఈ విషయంలో కొంత నేర్పాయి. ఫోన్ చేసి అడిగేవాళ్ల ప్రశ్నలు ఇంచుమించు ఇవే ఉంటాయి.

గోడ మీద ఏదో గోధుమరంగు పురుగు పాకుతోంది. గోమారా, నల్లా?

ఒక గ్లాసు కింద బంధించి చూడండి. కాళ్లు ఎనిమిది ఉంటే గోమారి, ఆరుంటే నల్లి. ఒక చిక్కుంది: గుడ్డులోంచి అప్పుడే వచ్చిన గోమారి పిల్లకు కూడా ఆరు కాళ్లే ఉంటాయి. అయితే అది ఆవగింజ కంటే చిన్నది, నల్లితో పోల్చుకునే అవకాశం తక్కువ. ఇంకో గుర్తు, గోమారికి పైకి ఎక్కే అలవాటు ఉంది. రాత్రి ట్యూబ్‌లైటు వేసినప్పుడు తెల్లగోడ మీద, కర్టెన్ మడతల్లో, తలుపు చట్రం పైన నెమ్మదిగా పోతూ కనిపిస్తుంది.

రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారిని చాలామంది గుర్తుపట్టరు. బూడిదరంగులో నున్నగా, అచ్చం ఆముదం గింజలా ఉంటుంది. ఆముదం మొక్క శాస్త్రీయ నామం రిసినస్ కమ్యూనిస్. లాటిన్‌లో రిసినస్ అంటే గోమారి అనే అర్థం. పేరు పెట్టినవాళ్లకూ ఈ పోలికే తట్టిందన్నమాట. కొన్ని ఊళ్లలో దీన్నే పిడుదు అంటారు.

మరి ఫ్లీ అంటే?

ఒంటిని పక్కల నుంచి నొక్కేసినట్టు పల్చగా ఉండే, గెంతే పురుగు. కొందరు కుక్కపేను అంటారు గానీ పేను గెంతదు, ఇది గెంతుతుంది. పిల్లుల మీదా కుక్కల మీదా కూడా ఎక్కువగా ఉండేది పిల్లి ఫ్లీ అనే జాతే. కంటికి పురుగు చిక్కకపోయినా జాడ చిక్కుతుంది. తెల్ల పేపర్ తడిపి కింద పెట్టి, దాని మీద కుక్క తోక మొదలు దగ్గరి జుట్టును దువ్వెనతో దువ్వండి. మిరియప్పొడిలాంటి నల్లటి నలక రాలుతుంది. ఒక నిమిషం ఆగి చూడండి. నలక చుట్టూ తడిలో ఎర్రటి మరక పాకితే అది మట్టి కాదు, ఫ్లీ రెట్ట, అంటే అరిగిన రక్తం. మట్టయితే మట్టిలాగే ఉంటుంది.

మా కుక్క మూడో అంతస్తు దాటి వెళ్లదు. దానికెలా పట్టాయి?

లిఫ్టులోంచి, మెట్ల మీంచి, వాచ్‌మన్ దగ్గర పడుకునే వీధికుక్క నుంచి, సన్‌షేడ్ మీద తిరిగే పిల్లి నుంచి. ఫ్లీలైతే మీ ప్యాంటు అంచు పట్టుకుని కూడా వస్తాయి. మన ఇళ్లలో కనిపించే గోమారి ఎక్కువగా బ్రౌన్ డాగ్ టిక్ అనే రకం. దానికి గడ్డీ అడవీ అక్కర్లేదు. గుడ్డు నుంచి ముసలితనం దాకా మొత్తం జీవితం సిమెంటు గోడల మధ్యే గడిపేయగలదు. ఒక్క కుక్క ఉంటే దానికి చాలు.

వారం వారం కూర్చుని ఏరి పారేస్తున్నాం. మళ్లీ వస్తున్నాయి. ఎందుకు?

ఎందుకంటే కుక్క వాటికి హోటల్ మాత్రమే, ఇల్లు కాదు. వాటి ఇల్లు మీ ఇల్లే.

గోమారి పిల్ల కుక్క ఎక్కి, కొన్ని రోజులు రక్తం తాగి, దిగిపోతుంది. ఏ పగుల్లోనో కుబుసం విడిచి కాస్త పెద్దదవుతుంది. మళ్లీ ఎక్కి, తాగి, దిగుతుంది. పెద్దయ్యాక మూడోసారి ఎక్కుతుంది. ఆ తర్వాత ఆడది దిగి, గోడ పగుల్లోనో ఫొటో ఫ్రేము వెనకో చేరి వేలల్లో గుడ్లు పెట్టి చస్తుంది. అంటే జీవితంలో ఎక్కువ రోజులు అది కుక్క మీద ఉండనే ఉండదు. మన వేడికి ఈ తంతంతా రెండు మూడు నెలల్లో పూర్తవుతుంది.

మా ఇంట్లో ఒకసారి దేవుడి క్యాలెండర్ మార్చడానికి పాతది తీశాను. మేకు చుట్టూ గోడకు ముదురు గోధుమరంగు గింజలు కుప్పగా అంటుకుని ఉన్నాయి. పెచ్చు ఊడింది అనుకుని వేలితో గీకబోయాను. దగ్గరగా చూస్తే నిగనిగలాడుతున్నాయి, గుడ్లు. అప్పటికి నాలుగు నెలలుగా నేను కుక్కకు మాత్రమే మందు రాస్తున్నాను.

ఫ్లీల లెక్క వేరు. పెద్ద ఫ్లీ కుక్కను వదిలి పోదు గానీ రోజుకు 40, 50 గుడ్లు పెడుతుంది. అవి జారి సోఫా సందుల్లో, పరుపు అంచుల్లో, మంచం కింద పడతాయి. ఇంట్లో ఉన్న మొత్తం ఫ్లీల సంతతిలో జంతువు మీద కనిపించేవి నూటికి అయిదే అని చెబుతారు. మిగతావి గుడ్లు, పురుగులు, గూళ్ల రూపంలో ఇంట్లో ఉంటాయి.

వైజాగ్‌లో వీటి బాధ ఎక్కువంటారు, నిజమా? చలికాలంలో తగ్గవా?

చలి దేశాల వెబ్‌సైట్లలో శీతాకాలం రాగానే మందు ఆపొచ్చని రాస్తారు. ఆ సలహా మనకు పనికిరాదు. సముద్రం పక్కన గాలిలో తేమ ఏడాది పొడుగునా ఉంటుంది, జనవరిలో కూడా మనకు చలి అంటే ఫ్యాన్ స్పీడు రెండుకు తగ్గించడమే. ఫ్లీ పురుగులకు వేడీ తేమా రెండూ కావాలి, రెండూ ఇక్కడున్నాయి. వానలు మొదలైన దగ్గర్నుంచి దసరా దాటేదాకా గోల ఎక్కువగా ఉంటుందని నా అనుభవం. మందు మాత్రం 12 నెలలూ వాడాల్సిందే.

ఆర్కే బీచ్‌లో నడిపిస్తే అంటుకుంటాయా అని అడుగుతారు. ఎండకు కాగే ఇసుకలో అవి బతకలేవు. బీచ్ రోడ్డులో నీడపట్టున వీధికుక్కలు పడుకునే చోట్ల, కంబాలకొండ లాంటి చెట్టూ పొదా ఉన్న వైపు వెళ్లొచ్చినప్పుడు చెవుల లోపల, వేళ్ల సందుల్లో, చంకల్లో, కాలర్ కింద చూడండి. ఈ నాలుగు చోట్లే వాటికి ఇష్టం.

కుక్కకు వచ్చే టిక్ ఫీవర్ అంటే ఏమిటి?

ఒకే జబ్బు కాదు. గోమారి కుట్టినప్పుడు ఎక్కే కొన్ని క్రిముల జబ్బులన్నిటినీ కలిపి అలా అంటారు. మన దగ్గర ముఖ్యంగా ఎర్లికియా, బబీసియా. హెపటోజూన్ అని మరొకటుంది, అది కుట్టడం వల్ల కాదు, కుక్క గోమారిని నోటితో పీకి మింగితే వస్తుంది.

ఎర్లికియా గోమారి కుట్టిన ఒకటి నుంచి మూడు వారాల్లో బయటపడుతుంది. జ్వరం, తిండి మానేయడం, నీరసం, ప్లేట్‌లెట్లు పడిపోవడం. పట్టించుకోకపోతే తగ్గినట్టే తగ్గి నెలలు, ఒక్కోసారి ఏళ్లు లోపల దాక్కుని, ఎముక మజ్జను దెబ్బతీసి తిరిగొస్తుంది. బబీసియా నేరుగా ఎర్ర రక్తకణాల్లో దూరి వాటిని పగలగొడుతుంది. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తే అదే అని అనుమానించాలి.

మా చింటూ గాడికి వచ్చినప్పుడు మే నెల. ఒక పూట తిండి మానేశాడు, ఎండ దెబ్బేమో అనుకున్నాను. మజ్జిగ పట్టాను, ఫ్యాన్ కింద పడుకోబెట్టాను. రెండో రోజు కాస్త తిన్నాడు, టెన్షన్ తగ్గింది. మూడో రోజు తెల్లవారుజామున లేచి చూస్తే గచ్చు మీద వరసగా రక్తపు చుక్కలు, హాల్లోంచి బాల్కనీ దాకా. ముక్కులోంచి కారుతోంది. పొట్ట మీద సూదితో పొడిచినట్టు ఎర్ర మచ్చలు. పరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు 18 వేలు. కుక్కకు మామూలుగా రెండు లక్షల పైన ఉండాలి. బతికాడు గానీ రెండు రోజులు ముందే తీసుకెళ్లాల్సింది. ఒక పూట తిండి మానేస్తే పెదవి ఎత్తి చిగుళ్లు చూడడం అప్పటినుంచి అలవాటు చేసుకున్నాను. గులాబీ రంగులో ఉండాల్సినవి పాలిపోయి ఉంటే ఇక ఆగకూడదు.

దానికి డాక్సీసైక్లిన్ ఇస్తే చాలని మెడికల్ షాపులో చెప్పారు. కొనేయమంటారా?

వద్దు. ఎర్లికియాకు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్కే వాడతారు, సాధారణంగా 28 రోజులు. కానీ బబీసియా దానితో పోదు, వేరే ఇంజెక్షన్లు, వేరే మందులు కావాలి. ఏదో తెలియాలంటే రక్తపరీక్ష, స్లైడు (రక్తపు చుక్కను మైక్రోస్కోప్ కింద చూడడం), అవసరమైతే పీసీఆర్ (క్రిమి జన్యువును వెతికే పరీక్ష) చేయించాలి. పైగా జనం చేసే తప్పు, పదో రోజున కుక్క తోక ఊపుతూ లేచి తిరగగానే మాత్రలు ఆపేయడం. ఇంకో మాట, ఒకసారి వచ్చిందంటే మళ్లీ రాదని లేదు.

ఇవి మనుషుల్ని కుడతాయా? మనకు జ్వరం వస్తుందా?

కుడతాయి, వస్తుంది. అయితే ఎక్కువసార్లు ఏమీ కాదు, ఆ చోట దురద, చిన్న గడ్డ, నాలుగు రోజులకు పోతుంది. బ్రౌన్ డాగ్ టిక్‌కు మనిషి రెండో ఛాయిస్. కుక్క దొరక్కపోతేనో, ఇంట్లో వాటి సంఖ్య మరీ పెరిగిపోతేనో మన మీదికి వస్తుంది.

గుర్తు పెట్టుకోవాల్సింది ఇండియన్ టిక్ టైఫస్. రికెట్సియా అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. ఇంచుమించు వారం తర్వాత గట్టి జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు. కొన్ని రోజులకు ఎర్రటి మచ్చలు. ఇవి అరచేతుల మీద, అరికాళ్ల మీద కూడా రావడం ఒక ముఖ్యమైన గుర్తు. గోమారి కుట్టిన చోట నల్లటి పొక్కు కట్టొచ్చు, కట్టకపోనూవచ్చు. సకాలంలో గుర్తిస్తే మామూలు మాత్రలతో తగ్గిపోయే జబ్బే. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దాకా పోతుంది.

కుక్కను ముట్టుకుంటే రాదు. గోమారి కుట్టాలి, లేదా దాన్ని వేళ్లతో చిదిపినప్పుడు ఆ రక్తం చేతి మీది గాయానికో కంటికో తగలాలి. అందుకే గోటి మీద పెట్టి టప్పున నొక్కే సరదా మానుకోండి. మా ఇంట్లో పెద్దవాళ్లతో ఈ ఒక్కటి మాన్పించడానికి నాకు ఏడాది పట్టింది.

జ్వరానికి డాక్టర్ దగ్గరికి వెళ్తే కుక్క సంగతి చెప్పాలా?

అడక్కపోయినా చెప్పండి. "మా ఇంట్లో కుక్క ఉంది, పది రోజుల కింద నా నడుము మీద గోమారి దొరికింది" అనే ఒక్క వాక్యం చాలు. వైజాగ్‌లో జ్వరమంటే ముందు డెంగీ, మలేరియా, టైఫాయిడ్ పరీక్షలే రాస్తారు, అది సబబే. అవన్నీ నెగెటివ్ వచ్చి జ్వరం దిగకపోతే అప్పుడు మీ వాక్యం డాక్టర్‌కి పనికొస్తుంది. చంకలు, గజ్జలు, నడుము పట్టీ కింద నల్ల పొక్కు ఉందేమో స్నానం చేసేటప్పుడు మీరే చూసుకుని వెళ్లండి. కేజీహెచ్‌కి వెళ్లినా, వీధి చివర క్లినిక్‌కి వెళ్లినా ఇదే మాట.

మనుషులకూ ఈ జ్వరానికి వాడేది డాక్సీసైక్లినే. పిల్లలకు అది ఇస్తే పళ్లు పాడవుతాయని భయపడతారు. రికెట్సియా జ్వరాలకు పిల్లలకు కూడా కొద్ది రోజుల కోర్సు రాస్తారు, రాయాలి కూడా. గర్భిణులకు వేరే మందు ఎంచుకుంటారు. రెండూ డాక్టర్ తేల్చాల్సినవి.

పేపర్లో రాస్తున్న స్క్రబ్ టైఫస్ ఇదేనా? కుక్కను బయట పెట్టేయమంటున్నారు ఇంట్లో.

కాదు. స్క్రబ్ టైఫస్ వార్త వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరి కుక్క వీధిన పడుతుంది, చాలా అన్యాయం. దాన్ని మోసేది గోమారి కాదు, కంటికి సరిగ్గా ఆనని మైటు అనే పురుగు పిల్ల. పొదల్లో, గడ్డిలో, ఎలుకలు తిరిగే చోట ఉంటుంది. వార్తల్లో నల్లి లాంటి పురుగు అని రాయడంతో జనం ఇంట్లో గోమారిని చూసి కంగారు పడుతున్నారు. ఆ జ్వరానికీ నల్ల పొక్కు వస్తుంది, మందూ ఇంచుమించు అదే, గందరగోళానికి అదొక కారణం. దాని నుంచి కాపాడుకోవడం అంటే ఇంటి చుట్టూ పిచ్చిమొక్కలు కొట్టించడం, పొలం పనికి నిండు చేతుల చొక్కా వేసుకోవడం, తిరిగొచ్చాక ఒళ్లు రుద్ది స్నానం చేయడం.

లైమ్ డిసీజ్, కాంగో ఫీవర్, మంకీ ఫీవర్ గురించి చదివి నిద్ర పట్టడం లేదు.

పడుకోండి. లైమ్‌ను మోసే గోమార్లు వేరే రకం, అమెరికా, యూరప్‌లలో దాని గొడవ. మంకీ ఫీవర్ అంటే క్యాసనూర్ ఫారెస్ట్ డిసీజ్, 1957లో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో బయటపడింది, పశ్చిమ కనుమల అడవి గోమార్లతో వస్తుంది. కాంగో ఫీవర్ మన దేశంలో మొదట 2011లో గుజరాత్‌లో నిర్ధారణ అయింది, అది ప్రధానంగా పశువుల గోమార్ల వ్యవహారం. మీ సోఫా వెనక ఉన్న గోమారికి వీటితో సంబంధం లేదు. పెందుర్తి, ఆనందపురం వైపు ఆవులూ గేదెలూ ఉన్నవాళ్లు మాత్రం పశువుల గోమార్లను ఉత్త చేత్తో పీకి చిదపకండి.

ఫ్లీల వల్ల మనుషులకు ఏమొస్తుంది?

మొదట దురద. మోకాలి కిందే, ముఖ్యంగా చీలమండల చుట్టూ, రెండు మూడు పక్కపక్కన దద్దుర్లు లేస్తే దోమ కాదు, ఫ్లీ అని అనుకోవచ్చు.

రెండోది టేప్‌వర్మ్, అంటే పేగుల్లో పెరిగే బద్దెపురుగు. కుక్కో పిల్లో ఒళ్లు కొరుక్కుంటూ ఫ్లీని మింగితే దాని పేగుల్లో టేప్‌వర్మ్ పెరుగుతుంది. నేల మీద పాకే పసిపిల్ల పొరపాటున ఫ్లీని మింగినా అంతే. జంతువు తోక కింద, లేదా పాప డయపర్‌లో బియ్యపు గింజల్లాంటివి, ఒక్కోసారి కదులుతూ కనిపిస్తాయి. చూసి గుండె ఆగినంత పనవుతుంది గానీ మందు సులువు, ఒకటి రెండు మోతాదుల్లో పోతుంది. ఫ్లీలను వదిలేసి నులిపురుగుల మందు మాత్రమే వేస్తే మళ్లీ వస్తుంది.

పిల్లి గీరితే వచ్చే క్యాట్ స్క్రాచ్ జ్వరంలోనూ అసలు దోషి ఫ్లీయే. దాని రెట్టలోని బార్టొనెల్లా అనే బ్యాక్టీరియా పిల్లి గోళ్లలో చేరి, గీరినప్పుడు మన ఒంట్లోకి వస్తుంది. గీరిన వైపు చంకలో బిళ్ల కట్టి జ్వరం వస్తే ఈ సంగతి డాక్టర్‌కి చెప్పండి. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఎలుకల ఫ్లీలతో మ్యూరైన్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. ప్లేగు కూడా ఎలుక ఫ్లీలతోనే, ఆ సంగతి 1898లో కరాచీలో పాల్ లూయీ సిమాన్ అనే ఫ్రెంచ్ డాక్టర్ కనిపెట్టాడు. ఇప్పుడు ప్లేగు భయం అక్కర్లేదు. పూర్ణా మార్కెట్ లాంటి పాత గోదాముల పక్కన ఉండేవాళ్లు ఎలుకల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి అనడానికే చెప్పాను.

జంతువుల సంగతికొస్తే, కొన్ని కుక్కలకు ఫ్లీ ఉమ్మి పడదు. ఒక్కటి కుట్టినా నడుము, తోక మొదలు పచ్చిపుండయ్యేలా కొరుక్కుంటాయి. నెల రోజుల పిల్లికూనకు ఫ్లీలు మూకుమ్మడిగా పడితే రక్తం చాలక చనిపోతుంది కూడా. నా చేతుల్లో అలా పోయినవి ఉన్నాయి.

ఒంటికి అంటుకున్న గోమారిని ఎలా తీయాలి?

సన్నమూతి ప్లక్కర్ తీసుకుని, చర్మానికి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర, దాని మూతి దగ్గర పట్టుకోండి. పొట్ట దగ్గర పట్టుకుంటే లోపలిదంతా గాయంలోకి కక్కుతుంది. నిదానంగా, ఒకే ఒత్తిడితో నేరుగా పైకి లాగండి. వచ్చాక స్పిరిట్ పోసిన మూత సీసాలో వేయండి. ఆ చోటు సబ్బుతో కడిగి, చేతులు కడుక్కోండి. మూతి ముక్క లోపల ఉండిపోతే సూదితో తవ్వొద్దు, చర్మమే దాన్ని బయటికి నెట్టేస్తుంది.

కిరసనాయిలు పోయడం, అగరబత్తితో కాల్చడం వద్దు. అది గిలగిల్లాడి ఇంకాస్త ఉమ్మి లోపలికి వదులుతుంది, కుక్క చర్మం కాలుతుంది, తర్వాత అది ఆ కిరసనాయిలు నాకుతుంది.

వేపనూనె, పసుపు, కర్పూరం, కలరా ఉండలు?

వేపనూనె వాసనకు కొన్ని దూరంగా పోవచ్చు, పట్టినవి చావవు. పసుపు వల్ల కుక్క పచ్చబడుతుంది. కర్పూరం, కలరా ఉండలు మాత్రం విషం, నాకినా మింగినా ప్రాణం మీదికి వస్తుంది.

మాత్రా, చుక్కల మందా, కాలరా?

జంతువు వయసు, బరువు చూసి డాక్టర్ చెప్పాలి. నమిలే మాత్రలు కొన్ని నెల రోజులు, ఫ్లూరలనర్ లాంటిది సుమారు 12 వారాలు పనిచేస్తాయి. మూర్ఛలొచ్చే కుక్క అయితే ఆ సంగతి ముందే చెప్పాలి. మెడ వెనక వేసే ఫిప్రోనిల్ లాంటి చుక్కల మందు వేసే ముందు రెండు రోజులు, వేశాక రెండు రోజులు స్నానం వద్దు. మాత్ర మింగిన కుక్క మీద గోమారి కనిపిస్తే మందు నకిలీ అని తిట్టుకోకండి, అది కుట్టాకే చస్తుంది.

పెద్ద అక్షరాలతో రాయాల్సింది ఒకటుంది: కుక్కల మందు పిల్లికి వేయకండి. కుక్కల మందులు కొన్నిటిలో ఉండే పర్మెత్రిన్ కుక్కకు పర్వాలేదు, పిల్లికి వణుకు, ఫిట్స్, చావు. రెండూ ఒకే మంచం మీద పడుకునే ఇళ్లలో కుక్కకు వేసినా ప్రమాదమే. సగం మోతాదు వేద్దాంలే అనుకోవద్దు.

ఇంటిని ఏం చేయాలి?

మొదట కుక్కకు, ఇంట్లో ఉన్న ప్రతి జంతువుకూ ఒకే రోజున మందు. దాని దుప్పట్లు మరిగిన నీళ్లలో వేసి డాబా మీద గట్టి ఎండలో ఆరబెట్టండి. చీపురుతో పని కాదు, వ్యాక్యూమ్ క్లీనర్ కావాలి, అద్దెకైనా తెచ్చుకోండి. సోఫా సందులు, మంచం కోళ్లు, స్కర్టింగ్ అంచులు, తలుపు చట్రాలు. బ్యాగులోని చెత్త వెంటనే కవర్లో కట్టి బయట పారేయాలి. గోడ పగుళ్లు, స్విచ్‌బోర్డు చుట్టూ ఉన్న సందులు వైట్ సిమెంట్‌తో మూయించండి. ఇది చేయకుండా ఎన్ని స్ప్రేలు కొట్టినా నాకు ఫలితం రాలేదు.

పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలిస్తే గోమార్లని స్పష్టంగా చెప్పండి, బొద్దింకల జెల్ పూసి వెళ్లిపోతే డబ్బు దండగ. కుక్కనూ పిల్లినీ పక్షులనూ పంపేసి, అక్వేరియం మూతపెట్టి పంపు ఆపి, తడి పూర్తిగా ఆరాకే లోపలికి తీసుకురండి. రెండు మూడు వారాలకు మరోసారి కొట్టించాలి, గుడ్ల మీద మందు పనిచేయదు కాబట్టి. మొత్తానికి మూడు నెలల పని ఇది. మొదటి నెలలో తగ్గినట్టు కనిపించగానే ఆపేసినవాళ్లే నాకు మళ్లీ ఫోన్ చేస్తారు.

గోమారి కుడితే రేబిస్ వస్తుందా?

రాదు. రేబిస్ ఉన్న కుక్క కరిస్తే, దాని ఉమ్మి గాయానికి తగిలితే వస్తుంది.

వీధికుక్కలకు అన్నం పెడతాం. వాటికీ మందు వేయొచ్చా?

వేస్తే మీ అపార్ట్‌మెంట్ మొత్తానికి మంచిది. బరువు అంచనా వేసి డాక్టర్ చెప్పిన మాత్రను, రోజూ కనిపించే కుక్కకు, చేత్తో పెట్టాలి. అన్నంలో కలిపి గుంపు ముందు పెడితే బలమైనదే మూడు మాత్రలూ తినేస్తుంది.

ఆరు నెలలు అమెరికాలో అమ్మాయి దగ్గర ఉండి వస్తాం. కుక్కను చెల్లెలి దగ్గర వదులుతున్నాం. ఖాళీ ఇంట్లో అవే చస్తాయి కదా?

చావవు. బ్రౌన్ డాగ్ టిక్ తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది. ఫ్లీ అయితే గూట్లో కదలకుండా ఎదురుచూస్తుంది. అడుగుల చప్పుడు, ఒంటి వేడి, మనం వదిలే గాలి తగలగానే గుంపుగా బయటికి వస్తుంది. తాళం తీసి లోపలికి వెళ్లిన పది నిమిషాల్లో కాళ్లన్నీ దద్దుర్లెక్కాయని చెప్పేవాళ్లంతా ఇలా తిరిగొచ్చినవాళ్లే. వెళ్లే ముందే శుభ్రం చేయించి వెళ్లండి. వచ్చిన రోజు మొదట ఒక్కరే, మోకాళ్ల దాకా తెల్ల సాక్సులు తొడుక్కుని, అన్ని గదుల్లో రెండు రౌండ్లు కాళ్లీడుస్తూ తిరిగి వాకిట్లోకి రండి. సాక్సుల మీద నల్ల చుక్కలు గెంతుతుంటే సూట్‌కేసులు ఆ రాత్రికి చెల్లెలి ఇంట్లోనే ఉంచండి.